ఏడాదికో పన్ను, ఇరవై నాలుగు గంటల సెలవు

ప్రతి ఇల్లాలికీ ఏడాదికి ఒక్క పన్నైనా పాడవ్వాలి! ఆ పన్నును నరానికి మత్తుసూది ఇచ్చే తీయాలి! నవ్వకండి, బాగా ఆలోచించే చెబుతున్నాను.

నా ఎడమ దవడలో ఒక జ్ఞానదంతం అడ్డంగా పడుకుంది. భవానీపురంలోని మా ఇంట్లో పగలు పడుకునే అదృష్టం దానికొక్కదానికే దక్కింది. దాన్ని తీయడానికి సెడేషన్, అంటే సగం మత్తు, ఇస్తామన్నారు పళ్ల డాక్టర్ కీర్తన గారు. "పిలిస్తే పలుకుతారు, తర్వాత ఏదీ గుర్తుండదు" అన్నారు. టీవీ ముందు కూర్చున్న మావారు ఫిలిప్ గారికి ఈ స్థితి రోజూ సూది లేకుండానే కలుగుతుంది.

అలర్జీలున్నాయా, ఏ మాత్రలు వాడుతున్నారు, గురక పెడతారా... పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నా గురించి ఇన్ని ప్రశ్నలు ఎవరడిగారండీ?

ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదన్నారు. సరేనన్నాను. తీరా ఆ రోజు పొద్దున్నే మా అత్తయ్య శౌరమ్మ గారు గ్లాసు పట్టుకొచ్చారు.

"ఈస్టరు ముందు తపస్సుకాలం ఒక్కపొద్దుకే అడ్డురాని కాఫీ, పంటికి అడ్డొస్తదంటే? తాగు!"

తాగాను. డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. "పాల కాఫీ తిండి కిందే లెక్కండీ. మత్తులో వాంతైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇవాళ వద్దు." మధ్యాహ్నం వంట వేళకు క్షేమంగా ఇల్లు చేర్చారు నన్ను! గ్లాసుడు కాఫీలో నా సెలవు కరిగిపోయింది.

వారం తర్వాత కడుపు మాడ్చుకునే వెళ్లాను. క్లినిక్ ముందు మావారు బండి ఇంజనైనా ఆపకుండానే, "హనుమాన్ జంక్షన్‌లో కొట్టు తెరవాలి. అయ్యాక ఫోన్ చెయ్, వచ్చేస్తా" అన్నారు. డాక్టరు గారు బయటికొచ్చారు.

"బాధ్యత గల పెద్దమనిషి ఒకరు ఇక్కడే ఉండాలండీ. లేకపోతే సూది వెయ్యం."

మావారు అటూ ఇటూ చూశారు. "ఎవరండీ?"

"మీరే!"

లోపల చేతికి సూది, వేలికి క్లిప్పు, జబ్బకు బీపీ పట్టీ. మత్తు ఇవ్వడానికే వేరే డాక్టరు. నేను ఊపిరి పీలుస్తున్నానా లేదా అని ఇద్దరు మనుషులు, ఒక యంత్రం కళ్లప్పగించి చూశారు. రాణీ వైభోగం కాదూ!

అసలు వరం తర్వాత ఇచ్చిన కాగితంలో ఉంది. ఇరవై నాలుగు గంటలు బండి నడపరాదు, పొయ్యి దగ్గరికి వెళ్లరాదు, సంతకాలు చేయరాదు, ముఖ్యమైన నిర్ణయాలు తీసుకోరాదు! దాన్ని ఫ్రిజ్ మీద అంటింపించి పడుకున్నాను.

"ఏమోయ్, పప్పులోకి దోసకాయా, బీరకాయా?" వంటింట్లోంచి మావారు.

నేను ఫ్రిజ్ వైపు వేలు చూపించాను.

"ఇది కూడా నిర్ణయమేనా?"

మరి? మన ఇళ్లల్లో ఇంతకన్నా ముఖ్యమైన నిర్ణయం ఏముందండీ? తేలక, రెండూ వేసేశారు. మూడింటికి భోజనాలు. నాకు మాత్రం మెత్తగా పెరుగన్నం కలిపి మంచం దగ్గరికే తెచ్చిచ్చారు. ఉప్పు మర్చిపోయారు. అయినా నా కళ్లు చెమర్చాయి. మత్తు వల్లే అయ్యుంటుంది.

మర్నాడు అత్తయ్య గోడ గడియారం కింద నిలబడి ఉన్నారు. ముల్లు నిన్న కాగితం ఇచ్చిన వేళకు చేరీ చేరగానే, "ఇరవై నాలుగు గంటలైపోయినాయి. ఇంతకీ ఇవాళ కూరేంటమ్మాయ్?" అన్నారు.

ఒక్కరోజు సెలవు కావాలని ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో నోరు తెరిచి అడుగుతూనే ఉన్నాను. ఆ నోట్లోంచి పన్ను పీకి, డాక్టరు కాగితం మీద రాసిచ్చేదాకా ఎవరికీ వినపడలేదు!

కుడివైపు జ్ఞానదంతం నిటారుగా, నిక్షేపంగా ఉందని ఎక్స్‌రే చూసి చెప్పారు కీర్తన గారు. ఉండొచ్చు.

ఎందుకో పొద్దుట్నుంచీ కాస్త సలుపుతున్నట్టే ఉంది.