గుండ్రని ముద్ర చీటీ

ఆ రోజుకి సిస్టరమ్మ వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి టీకాల గది తెరవడం, పన్నెండుకి మూసెయ్యడం, ఇంటికెళ్లి గోడవైపు తిరిగి పడుకోవడం. పంతొమ్మిదేళ్ల ఉద్యోగం తర్వాత ఆమెకి మిగిలిన ఆశలన్నీ ఆ గోడ దగ్గరే ఉన్నాయి.

టీకాల గది అంటే కూలీల పేట చివర, నీళ్ల ట్యాంకు కింద ఓ చిన్న గది, అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఐసు నింపిన ఓ పెట్టె. మూడు నెలలుగా అక్కడ ఒక్క టీకా పడలేదు. ఈసారీ సున్నా వస్తే గది ఎత్తేస్తామని, ఇకమీద అందరూ పెద్దాసుపత్రికే రావాలని పెద్ద డాక్టరు తేల్చి చెప్పాడు. పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారాలి. రోజు కూలి వదులుకుని, చంటిబిడ్డనెత్తుకుని ఈ పేటలోంచి ఎవరూ అంత దూరం వెళ్లరని సిస్టరమ్మకి తెలుసు. ఆ మాటంటే పెద్ద డాక్టరుకి కోపం వస్తుందనీ తెలుసు.

నిజానికి తల్లులు రాకపోవడం కాదు కారణం. ఒక్కో మందు సీసాలో పది డోసులుంటాయి. మూత తీస్తే ఆ పూటే వాడెయ్యాలి, మిగిలితే పారబోసి సంజాయిషీ రాసుకోవాలి. అందుకని పదిమంది పిల్లలు పోగయ్యేదాకా మూత తియ్యొద్దని పైనుంచి నోటిమాట. ఆరుగురు వస్తారు, గంటసేపు కూర్చుంటారు, విసుగెత్తి వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లాక నలుగురొస్తారు.

ఆ రోజూ ఆరుగురే వచ్చారు. అప్పుడే లేచి చీరలు దులుపుకుంటున్నారు.

"చీటీలిద్దామక్కా," అంది ఆయాగా పనిచేస్తున్న ఆమె సొంత తోడికోడలు. "నంబరేసి పంపిద్దాం. పదిమంది అయ్యాక కేకేస్తే వస్తారు."

పదిహేనేళ్ల తోడికోడళ్ల బంధంలో ఆవిడ నోట వచ్చిన మొదటి మంచి సలహా అది. తెల్లకాగితాలు లేవు. సొరుగులో పాత ఆఫీసు ఫారాల కట్ట ఉంటే ఒక్కోటీ చింపి, వెనకవైపు నంబర్లు రాసి ఇచ్చారు. ముందువైపు ఏముందో ఇద్దరూ చూడలేదు. ప్రతిదాని మీదా గుండ్రని ముద్ర ఉంది, కింద పెద్ద డాక్టరు సంతకం ఉంది.

మూడో నంబరు తల్లి ఆ చీటీ కొంగున ముడేసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది.

"ఏంటది?" అన్నారు అక్కడివాళ్లు.

"ఏమో. ఆఫీసోళ్లిచ్చారు. పోగొట్టుకోవద్దన్నారు."

అంతే. పదకొండయ్యేసరికి గది ముందు అరవైమంది. ఇళ్ల స్థలాలని కొందరు, ఇంటింటికీ కుళాయిలని కొందరు. "ఇక్కడ టీకాలు తప్ప ఇంకేం లేవయ్యా," అని సిస్టరమ్మ గొంతు పోయేలా చెప్పింది.

"ముందలాగే చెప్తారులేమ్మా," అన్నాడు తాపీమేస్త్రి ఓపిగ్గా. "మేం ఆగుతాం."

తోడికోడలు అప్పటికే అడిగినవాళ్లందరికీ చీటీలు పంచేస్తోంది. సిస్టరమ్మ తలపట్టుకుంది. "చంటిపిల్లలున్నవాళ్లే లోపలికి రావాలి," అనేసింది, దాంతోనైనా పలచబడతారని. పలచబడ్డారు. పది నిమిషాల్లో సగంమంది తలో పిల్లని చంకనేసుకుని తిరిగొచ్చారు. పెళ్లికాని మేస్త్రి ఇద్దర్ని తెచ్చాడు.

"ఈ పాప పేరేంటి?" అంది సిస్టరమ్మ.

మేస్త్రి పాప వైపు చూశాడు. పాప మేస్త్రి వైపు చూసింది.

"ఇందాకటిదాకా గుర్తుందండి," అన్నాడు.

కన్నతల్లి లేకుండా సూది వెయ్యనని చెప్పి వాళ్లని పంపించేద్దామనుకుంది. ఆ అవసరం రాలేదు. ఉయ్యాల్లో పిల్ల కనబడక గుండెలు బాదుకుంటూ ఒక తల్లి వచ్చింది. ఆమె వెనక మరో నలుగురు. వాళ్ల వెనక పేటంతా. ఇన్నేళ్లలో ఆ గది గుమ్మం తొక్కని వాళ్లు కూడా చేబదులుపోయిన పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చారు.

"నా పిల్లనెవడెత్తుకొచ్చాడు?" అంది ఒకామె, కొట్టేలా.

"ఇదిగో, ఇక్కడే ఉంది. ఎలాగూ వచ్చావు కదా, టీకా వేసేస్తాను. కూర్చో."

ఆమె కూర్చుంది. పదో తల్లి వచ్చి కూర్చోగానే సిస్టరమ్మ సీసా మూత తీసింది. తర్వాత ఇంకోటి. మూడు గంటలకి నాలుగో సీసా కూడా దాదాపు ఖాళీ అయింది. నడుం విరిగిపోతోంది, కాళ్లు వాచాయి, అయినా లోపలెక్కడో సంతోషంగానే ఉంది.

గది ఎత్తేసే కాగితం పట్టుకుని పెద్ద డాక్టరు అప్పుడే దిగాడు. జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చి రిజిస్టరు తిప్పాడు.

"పేటలో నలభైమంది పిల్లలు. ముప్పై ఎనిమిది మందికి అయిపోయింది. భేష్," అన్నాడు. "ఇంకిక్కడ గదెందుకు? ఎత్తేద్దాం."

"నెల తర్వాత రెండో డోసు వెయ్యాలండి."

"ఇంత ఎగబడి వచ్చినవాళ్లు పెద్దాసుపత్రికి రారా ఏంటి?"

సిస్టరమ్మకి ఏడుపొచ్చింది. వాదించే ఓపిక లేదు.

"అలాగేనండి," అంది. "బయట నూటపన్నెండు మంది చీటీలు పట్టుకుని ఉన్నారు. చీటీ మీద మీ సంతకం ఉంది. గది తీసేస్తున్నామని మీరే ఓ మాట చెప్పి వెళ్లండి."

పెద్ద డాక్టరు బల్ల మీదున్న చీటీ ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బయట మేస్త్రి గొంతు వినిపించింది. "సంతకం పెట్టినాయన వచ్చాడంట. అందరూ దగ్గరికి రండి."

పెద్ద డాక్టరు తెచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. "వచ్చే నెల కూడా ఇక్కడే పెట్టండి," అన్నాడు. కిటికీలోంచి ఒకసారి చూసి, "ఆ పైనెల కూడా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, గదికి వెనక తలుపు ఉందా అని అడిగాడు.

లేదు.