గండయ్య పుట్టలేదని ప్రమాణపత్రం

లోకం ఇప్పటివరకు రెండు ప్రపంచ యుద్ధాలను చూసింది. ఆ రెండూ ఏ అనుమతీ లేకుండానే జరిగిపోయాయి. అలాంటి పొరపాటు మళ్లీ జరగకూడదనే సదుద్దేశంతో, యుద్ధాల మీద పిల్లలకు కథలు రాసేవాళ్లు ముందుగా అనుమతి తీసుకోవాలని నిబంధన వచ్చింది. ఆ అనుమతి ఇచ్చే బాలల చారిత్రక కల్పనా ధ్రువీకరణ కార్యాలయం సుచిత్ర చౌరస్తాలో, చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తులో ఉంది. (లిఫ్టు ఉంది. పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.)

లాల్‌గడి మలక్‌పేట్ బడిలో తెలుగు చెప్పే వినోద అలాంటి కథే రాసింది. ఆమె ముత్తాత గండయ్య 1942లో ఫౌజులో కంచరగాడిదలు తోలే కొలువుకని బర్మా వైపు వెళ్లి, మళ్లీ రాలేదు. ఆయన కూతురు, వినోదకు అవ్వ అయిన బాలనర్సమ్మ అప్పటికి తల్లి కడుపులో ఉంది. ఎనభై మూడేళ్ల ఆ అవ్వ దగ్గర తండ్రి ఫోటో లేదు, ఉత్తరం లేదు, మిగిలింది పేరొక్కటే. ఆ పేరు పుస్తకంలో పడాలి, బడి పిల్లలు గట్టిగా చదువుతుంటే తాను పక్కన కూర్చుని వినాలి. అవ్వ కోరిక అంతే. ధ్రువీకరణ లేని పుస్తకాన్ని ఏ బడిలోనూ పెట్టనివ్వరు కాబట్టి, వినోద నాలుగు నెలలుగా ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది.

ధ్రువీకరణాధికారి యజ్ఞనారాయణ చెడ్డవాడేం కాదు పాపం. రాజమండ్రి వైపు మనిషి, మర్యాదస్థుడు. కథను రెండుసార్లు చదివాడు, ఎర్ర పెన్ను పట్టుకుని. ఐదో అధ్యాయంలో బాంబు పడినచోట "జనావాసాలు లేని ప్రాంతంలో" అని చేర్చాడు. సైనికులు మూడు రోజులు పస్తులున్నారన్న వాక్యాన్ని "తేలికపాటి ఆహారం తీసుకున్నారు" అని దిద్దాడు. యుద్ధం ఆదివారాలు కూడా జరిగిందని తెలిసి మాత్రం ఆయన నిజంగా బాధపడ్డాడు. కంచరగాడిదల మీద ఏ అభ్యంతరమూ రాలేదు. (అదృష్టం వాటిది, ఆధార్ అక్కర్లేదు.)

చిక్కంతా గండయ్యతోనే వచ్చింది. చారిత్రక కల్పన అన్నారు కదా, మరి చారిత్రకం అన్న సగానికి 14-ఎ ఫారం కింద రుజువు కావాలి. కల్పన అన్న సగానికి 14-బి కింద ఇదంతా అబద్ధమేనని ప్రమాణం కావాలి. గండయ్య ఏ సగంలోకి వస్తాడో తేల్చడానికి వారసురాలిని వెంటబెట్టుకుని రమ్మన్నారు. వినోద అవ్వను రెండు బస్సులు మార్చి తీసుకొచ్చి, మెట్ల మీద మూడుచోట్ల కూర్చోబెట్టి, ఎలాగో పైకి చేర్చింది.

"మీ నాన్నగారి మరణ ధ్రువపత్రం ఉందా మామ్మగారూ?" అని అడిగాడు యజ్ఞనారాయణ.

"యాడ పోయిండో ఎర్కలేదు సారూ, ఇగ కాయితం యాడికెల్లి దెస్త?"

"అయితే రికార్డు ప్రకారం ఆయన బతికున్నట్టే లెక్కండి," అన్నాడు, శుభవార్త చెబుతున్నట్టు. "బతికున్న మనిషి మీద కథ రాస్తే ఆయన సమ్మతి తప్పనిసరి. ఒక్కసారి స్వయంగా వచ్చి సంతకం పెట్టి వెళ్లమనండి."

"రమ్మను సారూ," అంది అవ్వ. "ఎనభై మూడేండ్ల సంది నేను గూడ గదే సూస్తున్న."

యజ్ఞనారాయణ పెన్ను మూత తీసి, ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. (ఇలాంటి జవాబు రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.) తర్వాత పెన్ను మూత పెట్టేసి ఒక దారి చూపించాడు. గండయ్య బదులు సుజిత్ అని పెట్టుకుంటే పిల్లలకూ నోరు తిరుగుతుంది, ఈరోజే ముద్ర కొట్టిచ్చేస్తాడట.

"సుజిత్ ఎవడు బిడ్డా?" అని మనవరాలి వైపు తిరిగింది అవ్వ. "మా బాపును దీసేసి ఎవన్నో పెట్టుడేంది? గా పేరు లేకుంటే నాకు గా బుక్కే వద్దు."

ఇక మిగిలింది 14-బి. గండయ్య అనే మనిషి ఎన్నడూ పుట్టలేదని, ఏ యుద్ధానికీ పోలేదని, తనకు ఏమీ కాడని వారసురాలు వేలిముద్ర వేయాలి. అప్పుడు పేరు పేరులాగే ఉంటుంది, పుస్తకం బడికి పోతుంది.

"మనిషే పుట్టకపోతే వారసురాలు ఎక్కడినుంచి వస్తది సార్?" అని వినోద ఉండబట్టలేక అడిగింది.

"అందుకేనండీ వారసురాలితోనే చెప్పించేది. బయటివాళ్లు చెబితే చెల్లదు."

"పోదాం పా అవ్వా. ఇసొంటి కాయితం మీద నువ్వు ముద్రెయ్యొద్దు."

"పిల్లలైతే సదువుతరు గదా?"

"సదువుతరు."

"మరింకేంది? జల్దీ గానియ్యి, బస్సు పోతది."

కాగితం వచ్చింది. వినోద చదివి వినిపించింది: "బాలనర్సమ్మ, తండ్రి పేరు గండయ్య, అను నేను ప్రమాణం చేయునది ఏమనగా..." తండ్రి పేరు గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదని యజ్ఞనారాయణ వివరించాడు.

అవ్వ మొదటి వరుస మళ్లీ చదవమంది. ఆ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చాలాసేపు దాన్నే చూసింది. చదువు రాదు, అయినా చూసింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, కింద ముద్ర వేసింది.

"సారూ, గీ కాయితం నాకొకటియ్యుండ్రి," అంది. "నా కార్డులన్నిట్ల మా పెనిమిటి పేరే ఉన్నది. మా బాపు పేరున్నది నా తాన ఒక్కటి గూడ లేదు."

తప్పకుండా ఇస్తామని యజ్ఞనారాయణ ఎంతో మర్యాదగా చెప్పాడు. కాకపోతే నకలు రక్తసంబంధీకులకు మాత్రమే ఇస్తారు కాబట్టి, గండయ్య తన తండ్రేనని రుజువు తెచ్చుకోమన్నాడు.