కట్టెల బాయిలరు వల్ల లాభాలు

రెండు వారాలకు సంచీ సర్దడమంత తేలికైన పని లోకంలో మరొకటి లేదు. అది ఎవరికైనా కష్టంగా అనిపించిందంటే వాళ్ళకు సాటి మనిషి మీద నమ్మకం లేదన్నమాట. జిల్లా కౌన్సిల్ మీద అసలే లేదన్నమాట.

మా చెల్లెలు మర్డీనా సంచీ నేనే సర్దాను. ఉన్ని స్వెట్టర్లు రెండు, మేజోళ్ళు నాలుగు జతలు, ఓట్ బిస్కెట్ల డబ్బా, సగం చదివిన నవల. మూడో స్వెట్టరు మడత పెడుతుంటే చక్రాల కుర్చీలోంచి చూసి నవ్వింది.

"రెండు వారాలేనే అక్కా. నేనేమన్నా తిమింగలాల వేటకి పోతున్నానా?"

"చలేస్తే?"

"పట్నంలో హీటర్లుంటాయిలే. నువ్విలా మొహం పెడితే డ్రైవరు శవాన్ని ఎక్కిస్తున్నాం అనుకుంటాడు."

ఆమె ఉండే వృద్ధాశ్రమంలో పాత ఆయిల్ బాయిలరు పీకేసి, కట్టెలతో మండే కొత్తది పెట్టబోతున్నారు. పని అయ్యేదాకా అక్కడున్న పదకొండు మందినీ అరవై మైళ్ళ అవతల పట్నంలో ఉంచుతారు. బస్సు బయల్దేరింది నవంబరు పదిన. రెండు వారాలని కౌన్సిల్ వాళ్ళ ఉత్తరంలో ఉంది, కింద సంతకం కూడా ఉంది. నీ ఇంట్లో పెట్టుకోకపోయావా అని మీరు అడగవచ్చు. నా పడక గది మేడ మీద. ఆమెకు కాళ్ళు రావు. నాకు ఎనభై మూడు.

పాఠకులారా, మన ఇన్వర్‌డారఖ్ ఊరికి, బడికీ చర్చికీ అన్నిటికీ ఇప్పటికే పెట్టేసిన ఈ బాయిలర్ల వల్ల కలిగిన మేలును ఇంతవరకు ఎవరూ సరిగ్గా మెచ్చుకోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

ఆయిల్ రోజుల్లో మనం ఎంత మొరటుగా బతికాం! ట్యాంకరు వచ్చేది, నింపేది, పోయేది. మీట నొక్కితే గది వెచ్చబడేది. ఇక మనిషికీ మనిషికీ మధ్య మాట్లాడుకోవడానికి ఏం మిగిలింది? వాన గురించి ఎన్నాళ్ళని మాట్లాడతాం?

ఇప్పుడు చూడండి. ఈ బాయిలర్లు తినే చెక్క ముక్కల్లో తేమ ఎంత అన్నదే ఊరంతటికీ చర్చ. తేమ నూటికి ముప్పై పాళ్ళు దాటితే బాయిలరు అలిగి ఆగిపోతుంది. పెళ్ళి మాట వచ్చినా పిల్లాడి ఉద్యోగం కంటే ముందు వాళ్ళ కొట్టంలో కట్టెల సంగతి అడుగుతున్నారని విన్నాను. పాస్టరుగారు పోయిన ఆదివారం నరకం మీద ప్రసంగం మొదలుపెట్టి, అక్కడి కట్టెలు బాగా ఎండి ఉంటాయన్న దగ్గర ఒక్క క్షణం ఆగిపోయారు. ఆ గొంతులో అసూయ వినిపించింది నాకు. చర్చి హాల్లో ఆ రోజు నాలుగు డిగ్రీలు.

స్కూలుకు పెట్టిన బాయిలరు మూడు వందల మంది పిల్లలకు సరిపోయేది. మనకున్నది పందొమ్మిది మంది. జనవరిలో పిల్లలు చేతుల్లేని బనీన్లలో కూర్చుని చెమటలు కక్కుతూ ఎడారుల పాఠం చదివారు. ఏ దేశంలో పెడతారండీ ఇంత శ్రద్ధ పాఠం మీద? ఫైర్ స్టేషన్ సంగతి మరీ విశేషం. అక్కడి పొగ గొట్టం వెనక్కి ఊదితే గంట దానంతటదే మోగుతుంది. మనవాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని బయటికి పరుగెత్తి, మళ్ళీ లోపలికి పరుగెత్తి, నిప్పున్న చోటికి చేరడంలో జిల్లాలోనే ముందున్నారు.

లైబ్రరీ గురించి నేను చెప్పాలి. పద్నాలుగేళ్ళకు బడి మాన్పించారు నన్ను. తెలిసిందేదైనా ఉంటే ఆ గదిలో, ఆ కిటికీ పక్క కుర్చీలో తెలిసిందే. ఇప్పుడు అక్కడ రెండు కోట్లు వేసుకుని, చేతి తొడుగులతో పేజీలు తిప్పుతున్నాను. ఒక్కోసారి రెండు పేజీలు కలిసి తిరిగిపోతాయి. చాలా నవలలు అలా చదివితేనే బాగున్నాయి.

మరి చుట్టూ ఇన్ని కొండల నిండా అడవి పెట్టుకుని చెక్క ముక్కలకు కరువేమిటి అంటారా? ఇంజినీరు ట్రెవర్‌ని అడిగాను. దక్షిణాన మైదానాల నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు.

"మీ చెట్లు తడిగా ఉన్నాయమ్మా," అన్నాడు.

"వాన పడుతుంది కదా నాయనా, మేమూ తడిగానే ఉన్నాం."

"ఎండిన ముక్కలు లారీలో రావాలి. రోడ్డు మీద మంచు తగ్గగానే వస్తాయి."

మంచు తగ్గలేదు. రెండు వారాలు అయిదయ్యాయి. ఆశ్రమంలో కొత్త బాయిలరు బిగించి, తుడిచి, తళతళలాడుతోంది. దాని నోట్లో పెట్టడానికే ఏమీ లేదు. పట్నం బస్సు వారానికి రెండు రోజులు. మంచు పడితే అదీ లేదు. నాకు మిగిలింది ఫోను.

"ఇక్కడ కిటికీలోంచి కార్ల పార్కింగ్ కనిపిస్తుందే," అంది మర్డీనా. "ఇవాళ ఎర్ర కార్లు పదకొండు. మంచి రోజే."

"తింటున్నావా?"

"తింటున్నాగానీ, మన బాయిలరు ఎలా ఉంది? పాలపళ్ళన్నా వచ్చాయా?"

ఇక్కడ మన లోయ ఆచారం ఒకటి చెప్పాలి. బయటివాళ్ళు కూడా ఈ పత్రిక చదువుతారట. ఎవరి ఇంటి పొగ గొట్టంలోంచి పొగ రాకపోతే ఇరుగు పొరుగు వాళ్ళ గుమ్మంలో కట్టెలు వదిలి వెళతారు. అడగరు, చెప్పరు. తీసుకున్నవాళ్ళు ఎవరిచ్చారని వాకబు చేయరు. చేస్తే అవమానం. మా నాన్న పడవతో సహా మునిగిపోయిన చలికాలం మా ఇంట్లో నిప్పు ఆరలేదు. ఎవరు వేశారో మా అమ్మకు చచ్చేదాకా తెలియదు.

ఆశ్రమం గొట్టంలో అయిదు వారాలుగా పొగ లేదు. మనం ఏం చేస్తాం?

చేసేశాం. చెక్క ముక్కల గది మూత ఎత్తి, ఎవరికి తోచింది వాళ్ళు వేశారు. కంచె గుంజలు, మేకులతో సహా చేపల పెట్టెలు, చర్చి పాత బెంచీ ఒకటి, ఎవరిదో పియానో కాళ్ళు. నేను ఒక బండెడు బర్చి చెట్టు దుంగలు తోసుకెళ్ళి వేశాను. మూడేళ్ళు ఎండబెట్టినవి. అంతకంటే మంచి కట్టె ఈ లోయలో లేదు. మర్డీనా ఇంటికి రావాలి కదా.

ఆ గురువారమే లారీ వచ్చింది. మన కానుకల మీద ఎండు ముక్కలు గుమ్మరించింది. ట్రెవర్ మీట నొక్కాడు. ముక్కల్ని పొయ్యిలోకి తోసే పెద్ద మర పావుగంట తిరిగి, ఒక కేక పెట్టి, రెండుగా విరిగింది.

ఊరి హాల్లో అందరినీ కూర్చోబెట్టి అడిగాడు. "ఎవరు వేశారు ఇవన్నీ?"

అందరూ బూట్లు చూసుకున్నారు.

"వాటంతటవి నడిచి రాలేదు కదా!"

"చెప్పలేం బాబూ," అన్నాడు గొర్రెల హెక్టర్, టోపీ ఒళ్ళో తిప్పుకుంటూ. "ఇక్కడి కట్టెలకు చలెక్కువ. వెచ్చని చోటు వెతుక్కుంటాయి."

అందరూ నవ్వారు. మర గొంతులో అడ్డం పడిన దుంగను ట్రెవర్ బల్ల మీద పెట్టాడు. బర్చి. లోపల ఎముకలా తెల్లగా, పొడిగా ఉంది. మూడేళ్ళు ఎండిన బర్చి ఎవరి కొట్టంలో ఉంటుందో ఆ హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒక్కరూ నా వైపు చూడలేదు. ఎదురుగా గోడకున్న గడియారాన్ని ఇరవై ఆరు మంది అంత శ్రద్ధగా చూడటం నేనెప్పుడూ ఎరగను.

కొత్త మర ఆస్ట్రియా నుంచి రావాలి. ఏడు వారాలన్నారు. ఎనిమిదయింది, బిగించేసరికి దాదాపు పది. నడుమ క్రిస్మస్ ఉంది కదా, మరలకు మాత్రం పండగ వద్దా?

"దాంట్లో నువ్వు కూడా ఏమన్నా వేశావా అక్కా?" అని ఫోనులో అడిగింది మర్డీనా.

"నేనెందుకు వేస్తానే?"

"వేయకుండా ఎలా ఉంటావులే." కాసేపు దగ్గింది. "మంచి కట్టే వేసుంటావు. నాకు తెలుసు."

ఇంకా ఎవరికైనా అనుమానం ఉందేమో, ఇప్పుడు ఆశ్రమానికి వెళ్ళి చూడండి. ప్రతి గదిలో ఇరవై మూడు డిగ్రీలు. మెట్ల కింద కూడా వెచ్చదనమే. కౌన్సిల్ పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించి, ఈ బాయిలరు వల్ల గాలి ఎంత శుభ్రపడుతుందో లెక్క చెప్పాడు. నేను ముందు వరసలో నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ లెక్కలో తప్పు లేదు. కట్టె మీద నాకు కోపం లేదు. ట్రెవర్ మీద కూడా లేదు, వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఏమీ అనకుండా వెళ్ళాడు. అది మన ఊళ్ళోనే నేర్చుకున్నాడు.

నాకు కావలసింది ఒక్కటే. ఇకమీదట ఏ ఉత్తరంలోనైనా సరే, రెండు వారాలని రాసే ముందు, రాసేవాళ్ళు ఎవరి గురించి రాస్తున్నారో ఒకసారి వచ్చి చూసి పోవాలి.

బాయిలరు ఫిబ్రవరి ఇరవై నాలుగున అంటుకుంది. తనిఖీ కాగితం రావడానికి ఇంకో పది రోజులు పట్టింది. వెళ్ళిన పదకొండు మందిలో పది మంది మార్చి తొమ్మిదిన తిరిగి వచ్చారు. మా చెల్లెలు మర్డీనా రాలేదు. ఫిబ్రవరి ఇరవై ఆరు, గురువారం ఉదయం, పట్నంలోనే చనిపోయింది.