తాగనివాడి ముక్కులో గొట్టం

ఆ రోజు పొద్దున్నే లక్ష్మీనరసింహారావు వేసుకున్న పథకంలో మెలికలేమీ లేవు. మొదటి బస్సుకి విజయవాడ వెళ్లాలి. మేనకోడలు పనిచేసే ఆస్పత్రిలో ముక్కులోంచి కడుపు దాకా సన్నటి గొట్టం ఒకటి పెట్టించుకోవాలి. భోజనం వేళకి తిరిగొచ్చి, మర్నాడు అది తీయించుకునేదాకా మామిడితోటలోని పాకలో ఎవరి కంటా పడకుండా పడుకోవాలి. అంతే.

గొట్టం అనగానే ఆయనకేదో జబ్బు అనుకునేరు. ఆయన నిక్షేపంలా ఉన్నాడు. మేనకోడలు కీర్తిప్రియ డాక్టరు. తాగి తాగి లివరు చెడినవాళ్లు కడుపులో యాసిడ్ తగ్గే మాత్రలు మింగుతుంటారు కదా, అవి వాళ్లకు మేలు చేస్తున్నాయా కీడు చేస్తున్నాయా అన్నది ఆమె పరిశోధన. తాగినవాళ్ల కడుపులో యాసిడ్ కొలిచాక, పోల్చి చూడటానికి తాగనివాళ్ల కడుపులోనూ కొలవాలి. తాగేవాళ్లు కోకొల్లలుగా దొరికారు. యాభై దాటిన మగవాళ్లలో జన్మలో చుక్క ముట్టనివాడి కోసం వెతికి వెతికి వేసారి, చివరికి చాట్రాయి దగ్గర పల్లెలో ఉన్న మామయ్యకి ఫోన్ చేసింది.

వాసన పడక దగ్గుమందు కూడా తాగని మనిషి ఆయన. పైగా ఊళ్లో బసవపున్నారావు నడిపే బెల్టు షాపు మూయించాలని రెండేళ్లుగా కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. ఎల్లుండి ఎక్సైజ్ సీఐ ఊరికి వస్తున్నాడు. గ్రామసభలో ఊరంతా చేతులెత్తితే కొట్టు మూతపడుతుంది. ఆ సభలో మాట్లాడాల్సింది లక్ష్మీనరసింహారావే. తోట తర్వాత ఆయన సంపాదించుకున్నది తాగడన్న పేరొక్కటే.

గొట్టం బాగానే దిగింది. బయటి కొసని చెంపకి ప్లాస్టరుతో అంటించి, నడుముకి యాసిడ్ కొలతలు నమోదుచేసే చిన్న పెట్టె కట్టారు.

"తిన్నప్పుడు ఈ బటన్, పడుకున్నప్పుడు ఇది, గుండెల్లో మంటొస్తే ఇది నొక్కండి మామయ్యా. మామూలుగా తినండి, మామూలుగా తిరగండి. రేపు పొద్దున దాకా మాత్రం తియ్యకూడదు. తీస్తే ఇదంతా వృథా," అంది కీర్తిప్రియ.

కాగితాలు పెట్టుకోమని ఓ గుడ్డసంచి కూడా ఇచ్చారు. దాని మీద 'మద్యపానం వల్ల వచ్చే కాలేయ వ్యాధి పరిశోధన' అని గుమ్మడికాయంత అక్షరాలున్నాయి. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిన లక్ష్మీనరసింహారావు అది చదవలేదు. బస్సులో అందరూ చదివారు.

నూజివీడు దాటాక పక్కసీటాయన ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేశాడు. "ధైర్యంగా ఉండండి గురువుగారూ. మా బావమరిదికీ ఇలాగే గొట్టం పెట్టారు."

"అలాగా! ఇప్పుడెలా ఉన్నారు?"

పక్కసీటాయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఈయనకేమీ అర్థం కాలేదు.

ఇంటి గేటు దగ్గరే పథకం బెడిసికొట్టింది. డ్వాక్రా సంఘం లీడరు వరలక్ష్మి అక్కడ ఎదురుచూస్తోంది. బెల్టు షాపు పోరాటంలో ఆయనకి కుడిభుజం ఆవిడే. ఆవిడ మొగుడు ఫణి ట్రాక్టరు డ్రైవరు, కూలి డబ్బుల్లో సగం ఇంటికొస్తే గొప్ప. సీఐ గారికి వేరే పనిపడి సభ ఇవాళ సాయంత్రానికే మార్చారని చెప్పడానికి వచ్చింది. గొట్టాన్ని చూసింది, సంచి మీద అక్షరాలు చదివింది, గేటు పట్టుకుని నిలబడిపోయింది.

"మా ఆయన్ని మీరు బాగుచేస్తారనుకున్నానే అన్నయ్యగారూ! మీరు కూడానా?"

"ఛ, ఛ! నేను తాగనమ్మా. తాగనని తెలిసే పెట్టారు."

"తాగనివాళ్లకి గొట్టం ఎందుకు పెడతారండీ?"

లక్ష్మీనరసింహారావు ఓపిగ్గా చెప్పాడు. "చూడు తల్లీ, తెగులు పట్టిన మామిడిచెట్టు ఎంత దెబ్బతిందో తెలియాలంటే, పక్కనున్న మంచి చెట్టుని కూడా చూడాలా వద్దా?"

"మంచి చెట్టుకి ఎవరైనా మందు కొడతారా అన్నయ్యగారూ?" అని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ ఊళ్లో జబ్బు ముదిరితే తప్ప ఆస్పత్రి గడప తొక్కరు. ఏ జబ్బూ లేనివాణ్ణి పిలిచి మరీ గొట్టం పెడతారంటే నమ్మడానికి అక్కడ పిచ్చివాళ్లెవరూ లేరు. ఆయన పప్పన్నం ముగించి తిన్న బటన్ నొక్కేలోపే లివరుకి మంచిదని నేల ఉసిరి పసరు నాలుగిళ్ల నుంచి గ్లాసుల్లో వచ్చేసింది. కొత్త మందులేవీ వేసుకోకూడదని ఈయన చేతులడ్డం పెట్టాడు.

"చూశారా, పసరు వద్దంటున్నాడు. అలవాటు పడిన నోరు," అని పెద్దావిడొకరు నిట్టూర్చింది.

ఆయనకి గుండెల్లో భగ్గుమంది. మంట బటన్ నొక్కాడు. పెట్టె 'కుయ్' మంది. అప్పుడే లోపలికి తొంగిచూస్తున్న ఫణి ఠక్కున ఆగిపోయాడు. పొద్దున్నే ఓ క్వార్టర్ వేసుకున్నాడు మరి.

"అది ఎందుకు కూసిందండీ?"

"మంట ఎక్కువైతే కూస్తుందిరా," అన్నాడు లక్ష్మీనరసింహారావు విసుగ్గా. ఫణి తన పొట్ట తడుముకుంటూ వెనక్కి వెనక్కి నడిచాడు. తాగినవాడు దగ్గరికొస్తే కూసే మిషను అన్న వార్త ఊరంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు.

వాళ్లంటే పరాయివాళ్లు. ఇల్లాలు బసవమ్మకి అసలు సంగతి అంతా తెలుసు. తెలుసుననే ఆవిడా అనుకుంది. కానీ వచ్చినవాళ్లందరూ ఓదార్చి ఓదార్చి వెళ్లాక, ఎందుకైనా మంచిదని తోటలో పాకకి వెళ్లి మంచం కింద చూసింది. కొంగులో రెండు ఖాళీ క్వార్టర్ సీసాలతో తిరిగొచ్చింది.

"ఏంటండీ ఇవి?"

"వేపనూనె కొలుచుకునే సీసాలే! రోడ్డు పక్కన దొరికితే తెచ్చా."

"కాపు వచ్చినప్పుడల్లా మీరు పాకలోనే పడుకుంటారు కదండీ... నాకు చెప్పండి. నేనేమీ అనను. చెప్పండంతే."

లక్ష్మీనరసింహారావుకి ఏడుపొచ్చినంత పనైంది. పొరుగువాళ్లు ఎన్నన్నా పడ్డాడు గానీ ఈ మాట పడలేకపోయాడు. ఇంతమంది ఇంత గట్టిగా చెబుతుంటే, నిద్రలో గానీ తాగుతున్నానా అని ఒక్క క్షణం ఆయనకే అనుమానం వచ్చింది. గబగబా కీర్తిప్రియకి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, సాయంత్రానికల్లా నువ్వొచ్చి నలుగురిలో నిజం చెప్పకపోతే నేను తలెత్తుకు తిరగలేను!"

ఆ మధ్యాహ్నం ఆయన తరఫున నోరు విప్పిన మనిషి ఒక్కడే ఉన్నాడు. బెల్టు షాపు బసవపున్నారావు. ఈ రోగం తన కొట్టు మెడకి చుట్టుకుంటుందని వాడికి బెదురు పుట్టింది. ఇంటింటికీ తిరిగి, "అమ్మతోడు! ఆయన నా దగ్గర ఒక్క చుక్క కొనలేదు. నా కొట్టు మెట్టు కూడా ఎక్కలేదు," అని ఒట్లు పెట్టాడు. వాడంతగా బుకాయిస్తున్నాడంటే సీసాలు దొడ్డిదారిన పంపుతున్నాడన్నమాటే అని అందరూ తేల్చేశారు.

సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు షామియానా నిండిపోయింది. లక్ష్మీనరసింహారావు ఏం మాట్లాడాలో తెలియక మైకు ముందు నిలబడ్డాడు. మధ్యాహ్నం నుంచీ చెప్పి చెప్పి గొంతు కూడా రాసుకుపోయింది.

"నన్ను... చూస్తున్నారుగా," అని మాత్రం అని దగ్గాడు.

జనం చూశారు. సీఐ లేచి, కొట్టు మూసెయ్యాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు. ఆడవాళ్ల చేతులు ఎప్పటిలాగే లేచాయి. రెండేళ్లలో ఏ సభలోనూ లేవనివి మగవాళ్ల చేతులు. ఇవాళ మొదట ఫణి చెయ్యి లేచింది. దాని వెనకే కొబ్బరికాయలు దింపేవాళ్లు, మామిడి లోడు ఎత్తేవాళ్లు, రోజూ కొట్టు బల్ల మీద కూర్చునేవాళ్లు అందరూ ఎత్తేశారు. వరలక్ష్మి మొగుడి చేతిని రెప్పవెయ్యకుండా చూస్తోంది.

సరిగ్గా అప్పుడే కీర్తిప్రియ కారు దిగింది. బసవపున్నారావు ఒక్క అంగలో ఎదురెళ్లాడు.

"డాక్టరమ్మా, మీరైనా చెప్పండి! ఆయన తాగడు! ఈ గొట్టానికీ మందుకీ ఏ సంబంధమూ లేదు!"

ఫణి చెయ్యి సగానికి దిగింది. "అంటే... తాగినా గొట్టం పెట్టరా అండీ?" అని ఆశగా అడిగాడు. ఇంకో పది చేతులు కూడా మోచేతుల దాకా వచ్చేశాయి.

కీర్తిప్రియ మైకు అందుకుంది. "పరిశోధనలో ఉన్నవాళ్ల సంగతులు వాళ్ల అనుమతి లేకుండా మేం బయటపెట్టకూడదండీ." మేనమామ వైపు తిరిగింది. "మామయ్యా, చెప్పమంటారా?"

మధ్యాహ్నం నుంచీ ఆయన కాచుకున్నది ఈ ఒక్క ప్రశ్న కోసమే. ఒక్క 'ఊ' అంటే చాలు, పోయిన పేరు అణాపైసలతో తిరిగొస్తుంది. ముందు వరసలో బసవమ్మ చేతులు నలుపుకుంటోంది. ఆయన గాల్లో వేలాడుతున్న ఫణి చేతిని చూశాడు. ఆ చేతినే చూస్తున్న వరలక్ష్మిని చూశాడు. కడుపులోంచి గొంతు దాకా మంట ఎగదన్నింది.

"వద్దమ్మా," అన్నాడు. "చెప్పొద్దు."

బటన్ నొక్కాడు. పెట్టె 'కుయ్' మంది. ఫణి రెండు చేతులూ ఎత్తేశాడు.

కొట్టుకి ఆ సాయంత్రమే సీలు పడింది. కీర్తిప్రియ రహస్యంగా అనుమతి అడిగి మరీ అత్తయ్యకి నిజం చెప్పింది. బసవమ్మ కాసేపు ఏడ్చి, ఆ సీసాలు రెండూ కడిగి, వేపనూనె పోసి మంచం కింద పెట్టేసింది. మర్నాడు గొట్టం తీశాక పెట్టెలో నమోదైన యాసిడ్ గీతని కంప్యూటర్లో చూసిన కీర్తిప్రియ, తాగనివాళ్ల కడుపులో ఇంత యాసిడ్ ఎలా పుట్టిందో రాయడానికి మాటలు దొరక్క చాలాసేపు తల పట్టుకుంది.

ఫణి ఇప్పుడు కూలి డబ్బులు ఇంట్లోనే ఇస్తున్నాడు. తోట దగ్గర కనిపించినప్పుడల్లా ట్రాక్టరు ఆపి, "మానేశారు కదండీ? మళ్లీ మొదలెట్టకండి," అని లక్ష్మీనరసింహారావుకి బుద్ధులు చెబుతాడు. ఆయన తలూపుతాడు.

ఆయన జన్మలో తాగలేదని ఆ ఊళ్లో ఇప్పటికీ ఒట్టేసి చెప్పే మగవాడు బసవపున్నారావొక్కడే. పాపం, బెల్టు షాపు నడిపినవాడి మాట ఎవరు నమ్ముతారు?