ఆల్ క్లియర్ ఆఫీసర్

మా ఆయనతో నాకున్న కష్టం ఒక్కటే. ఆయన ఎప్పుడూ తప్పు చేయరు. పన్నెండేళ్ల కాపురంలో కూరలో ఉప్పు ఎక్కువైతే తప్పు నాది, తక్కువైతే ఉప్పుది.

అలాంటి మనిషి దమ్మామ్‌లో మా బిల్డింగు తెలుగువారి సంక్షేమ కమిటీకి అధ్యక్షుడు కావడం మా అదృష్టం. 1991 జనవరిలో, గల్ఫ్ యుద్ధం మొదలై విషవాయువు క్షిపణులు పడతాయని అందరూ భయపడుతున్న మూడో రోజున, ఆయన టెర్రస్ మీద కుర్చీ ఎక్కి ప్రకటించారు:

"మనం ఇరవై రెండు మంది. కంపెనీ ఇచ్చిన గ్యాస్ మాస్కులు ఇరవై ఒకటి. దీన్ని కొరత అనుకోవద్దండి. ఇది ప్లానింగ్‌కు అవకాశం."

ప్లానింగ్ పూర్తయ్యేసరికి బిల్డింగు ప్లంబరు మల్లేశానికి ప్రమోషన్ వచ్చింది. సైరన్ మోగగానే ఇరవై ఒక్క మందిమీ మాస్కులు పెట్టుకుని, కిటికీలకు ప్లాస్టిక్ అంటించిన హాల్లోకి పోయి తలుపు వేసుకుంటాం. మల్లేశం బయట స్టూలు మీద కూర్చుంటాడు. పావుగంట తర్వాత కూడా బాగానే ఉంటే లేచి మూడుసార్లు తలుపు తడతాడు. తట్టకపోతే గ్యాస్ వచ్చినట్టు. హోదా పేరు ఆల్ క్లియర్ ఆఫీసర్. మెడలో బ్యాడ్జీ కూడా.

"శానా సైంటిఫిక్‌గ ఉంది భాయ్," అన్నాడు సెక్రటరీ భూమేష్. అతనిదీ మల్లేశానిదీ ఒకే ఊరు కాబట్టి గర్వం కొంచెం ఎక్కువ.

ఆ మూడు చప్పుళ్లు వినగానే హాల్లో ఎంత ఆనందమో. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. పై అంతస్తు రహమత్బీ ఫ్లాస్కు తెరిచి అందరికీ చాయ్ పోసేది. మల్లేశం ఉన్నాడన్న ధీమాతో బీపీ మాత్రలు కూడా మానేసింది. నేనూ చాయ్ తాగాను, రెండేసి కప్పులు.

ఐదో సైరన్ తర్వాత మల్లేశం కమిటీ ముందు నిలబడ్డాడు.

"సార్, ఊర్లకెళ్లి నా పెండ్లాం గౌరవ్వ ఉత్తరం రాసింది. బిడ్డ పుట్టి ఏడు నెలలాయె, నేనింక మొఖం సూడలె. నాకు సుత ఒక మాస్కు ఇప్పియ్యుండ్రి."

మా ఆయన నిజంగానే బాధపడ్డారు. "ఏమప్పా మల్లేశం, నువ్వే మాస్కు పెట్టుకుంటే గ్యాస్ వచ్చిందో లేదో మాకెట్లా తెలుస్తాది?"

మల్లేశం బ్యాడ్జీని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నిజమే సార్," అన్నాడు. కమిటీ అతనికి శాలువా మంజూరు చేసింది.

మర్నాడు అతను మా వంటింటి పైపు బాగుచేయడానికి వచ్చాడు. వెళ్లేటప్పుడు నా మాస్కు రొట్టెల సంచీలో పెట్టి ఇచ్చాను.

"ఏందమ్మా, గింత బరువున్నది?"

"రొట్టెలు గట్టిగా వచ్చాయి. సైరన్ మోగాక విప్పు."

శుక్రవారం మధ్యాహ్నం మోగింది. దుపట్టా ముఖానికి చుట్టుకుని మూల కూర్చున్నాను. మా ఆయన నా ముఖం వైపు చూసే అలవాటు మానుకుని చాలాకాలమైంది కాబట్టి ఇబ్బంది రాలేదు.

పావుగంటయింది. తలుపు మోగలేదు. అరగంట. గంట. రహమత్బీ మాత్రలు వెతుక్కుంది.

"ఎవరన్నా పోయి చూడండప్పా," అన్నారు మా ఆయన మాస్కులోంచి.

"అధ్యక్షులు పోతే మర్యాదగుంటది," అన్నాడు భూమేష్.

ఓటింగు పెట్టారు. ఇరవై మాస్కులూ నేల చూశాయి. నేను లేచి తలుపు తీశాను.

మల్లేశం స్టూలు మీదే ఉన్నాడు. నా మాస్కు పెట్టుకుని, శాలువా కప్పుకుని, చేతులు కట్టుకుని.

"ఎందుకప్పా తట్టలేదు?" గుమ్మం దాటకుండా అడిగారు మా ఆయన.

"మాస్కు పెట్టుకున్నంక గ్యాసొచ్చిందో లేదో నాకెట్ల తెలుస్తది సార్? మీలెవలన్న బయటికొస్తె సూసి చెప్దామని కూసున్న."

మా ఆయన మెల్లగా మాస్కు తీశారు. మాస్కు లేని నా ముఖం వైపు చాలాసేపు చూశారు.

"తప్పు నాదే, మేరాజ్," అన్నారు అందరూ వినేలా.

పన్నెండేళ్లలో మొదటిసారి. నేను దుపట్టా కొంగు కళ్లదాకా తెచ్చాను.

ఆయన మాట ఇంకా పూర్తికాలేదు. "బయట ఇద్దర్ని పెట్టుండాల్సింది."