శఠగోపానికి పక్షవాతం వచ్చిన పొద్దు

భార్య ఇంట్లో లేని పూట ఏ మగవాడికైనా వచ్చే ఆలోచనలే ఆ ఉదయం శఠగోపానికీ వచ్చాయి. అమృతవల్లి శ్రీవారి సేవకని కొండకు వెళ్ళి ఉంది. గుడిలోకి ఫోను పనికిరాదని దాన్ని ఇంట్లోనే పెట్టి వెళ్ళింది కాబట్టి, మధ్యలో వాకబు చేస్తుందన్న భయం కూడా లేదు. సాయంత్రానికి గానీ దిగి రాదు. అందుచేత లేవగానే ఒక కాఫీ, స్నానమయ్యాక ఇంకో కాఫీ, ఆ తర్వాత వీధి చివరి హోటల్లో నేతి దోసె, తిరిగొచ్చి ఒక కునుకు. దేవస్థానం ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన ఆ మహానుభావుడి కార్యక్రమం ఇదీ.

రెండో కాఫీ గ్లాసు పెదవుల దాకా వచ్చింది, అంతే. వకుళ ఊడిపడింది. వకుళ ఆయన తమ్ముడి కూతురు. ఊరు చిత్తూరు. తిరుపతిలో ఈయనింట్లోనే ఉండి, మంచం పట్టినవాళ్ళకూ, ఏళ్ళ తరబడి జబ్బుతో ఉన్నవాళ్ళకూ ఇంటికే వెళ్ళి సేవ చేసే నర్సుల కోర్సు చదువుతోంది.

"పెదనాయనా! కొంప మునిగిపోయినాది!"

"ఎవరిదే?"

"నాదే! గోవిందయ్యను పలమనేరుకు తోలుకోని పోయినారంట!"

గోవిందయ్య పక్కవీధిలో పక్షవాతంతో మంచాన ఉన్న మనిషి. ఆ రోజు వకుళకు ఆఖరి పరీక్ష. నిజమైన రోగి ఇంట్లో, నిజమైన మంచం దగ్గర, పరీక్ష పెట్టే మేడం చూస్తూండగా సేవ చేసి చూపించాలి. వకుళ గోవిందయ్యనే నమ్ముకుని ఉంది. ఆయన కొడుకేమో, పలమనేరులో ఆవు ఈనింది, జున్ను తిందువుగాని రా నాయనా అని కారు తెచ్చి మరీ ఎక్కించుకుపోయాడు.

"ఇంకో రోగిని చూసుకోరాదా?"

"ఇప్పటికిప్పుడు యాడ దొరకతారు? మేడం బయల్దేరేసింది గూడా. పోయిన తూరి రోగి చుట్టాలు గట్టిగా అరిస్తే బెదిరిపోయి బయటికొచ్చేసినా, తప్పించేసినారు. ఈ తూరి గూడా తప్పితే చిత్తూరుకు వచ్చేయమన్నాడు నాయన. చీరలంగట్లో కూర్చోబెడతాడంట. నా వల్ల గాదు పెదనాయనా. నాకీ పనే కావాల."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శఠగోపం తల్లి మంచాన పడ్డ రోజుల్లో ఆవిడకు ఒళ్ళు తుడిచి, తల దువ్వి, కబుర్లు చెప్పి నవ్వించింది ఈ వకుళే. కన్నకొడుకై ఉండి తాను చెయ్యలేకపోయింది ఆ పిల్ల చేసింది. అది తలుచుకుంటే ఆయన ఆ పిల్లకు దేనికీ కాదనలేడు. అలా కాదనలేకే నోరు జారాడు.

"సరేలేవే. నేను పండుకుంటా."

మరుక్షణం ఆయన మంచం మీద ఉన్నాడు. వకుళ దుప్పటి కప్పుతూ గబగబా పాఠం చెప్పింది. "కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. మాట గూడా పోయినాది. మూతి ఇట్ల వంకర. ఏం జరిగినా సరే నోరెత్తొద్దు. అవునంటే రెప్ప ఒక తూరి ముయ్యాల, కాదంటే రెండు తూర్లు."

"కాఫీ కావాలంటే?"

"అడగకూడదు."

రోగి మారాడని వకుళ ఫోను చేస్తే, పరీక్ష పెట్టే రాజశ్రీ మేడం ఈ ఇంటికే వచ్చింది. మెత్తగా మాట్లాడుతుంది గానీ కళ్ళు మాత్రం ఇల్లంతా తిరిగొస్తాయి. వంకర తిరిగిన మూతిని చూసి "అయ్యో పాపం, ఎన్నాళ్ళయిందమ్మా?" అంది. "చానాళ్ళయింది మేడం" అంది వకుళ తల వంచుకుని. పరీక్ష మొదలైంది. వకుళ ఆయన్ని వీపు పుండ్లు పడకుండా పక్కకు తిప్పింది, దిండ్లు సర్దింది, కాలూ చెయ్యీ మెల్లగా చాపి ముడిచింది. అంతా సజావుగానే సాగింది. నేతి దోసె తినవలసిన నోట్లోకి ఉప్పులేని రాగిజావ చెంచా చెంచాగా దిగుతున్నప్పుడు శఠగోపం కంట నీరు వచ్చింది. "మనసులో బాధ ఉంటుంది కదమ్మా, ఓదార్చు" అంది మేడం. వకుళ ఓదార్చింది.

సరిగ్గా అప్పుడే పాలు పోసే తిరుమలమ్మ పెరటి తలుపు తోసుకుని వచ్చింది.

క్యాను కింద పడింది. దాని వెనకే కేక. "అయ్యో సామీ! నిన్న గదా పాలల్లో నీళ్ళుండాయని నాతో అంతసేపు కొట్లాడితివి! ఇంతలోకే నోరు పడిపాయెనా సామీ!"

ఉలిక్కిపడ్డ శఠగోపం కుడిచెయ్యి సంగతి మరిచిపోయి ఎడమచెయ్యి వేలాడేశాడు. తిరుమలమ్మ గొంతు సామాన్యమైంది కాదు, మూడు వీధుల అవతల బర్రె కూడా తల తిప్పి చూస్తుంది. "నిన్న" అన్న మాట మేడం చెవిన పడిందేమోనని వకుళ బెదిరింది గానీ, ఆ రోదనలో ఏ మాట ఏదో విడదీయడం ఎవరి తరమూ కాదు. చూస్తూండగానే వీధి వీధంతా ఇంట్లోకి దిగబడింది. రోగిని ఒట్టి చేతులతో చూడకూడదు కాబట్టి అందరి చేతుల్లోనూ బ్రెడ్డు ప్యాకెట్లూ, ఆపిల్ పండ్లూ, హార్లిక్స్ సీసాలూ. అన్నీ ఆయన పొట్ట మీదే పెట్టారు.

తిరుమలమ్మ కొండ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. "ఏడుకొండలవాడా! మా సామి లేచి నడిస్తే నీకు తలనీలాలిస్తాం!"

"ఎవరివి?" అన్నారెవరో.

"సామివే. నా కూతురి పెండ్లి దగ్గిరికొచ్చింది, నేనెట్ల ఇచ్చేది?"

"గోవిందా గోవింద!" అంది వీధి ముక్తకంఠంతో. నెలనెలా రంగేసి, కొబ్బరినూనె రాసి, పసిబిడ్డలా సాకుకుంటున్న జుట్టు అలా ఆయన ప్రమేయమేమీ లేకుండానే మొక్కుబడిలోకి వెళ్ళిపోయింది. శఠగోపం టపటపా రెండుసార్లు రెప్పలు కొట్టాడు. ఎవరూ చూడలేదు.

జనాన్ని తోసుకుంటూ పక్కింటి గంగాధరం వచ్చాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. సొంతూరు విరిగిన ఎముకలకు కట్లు కట్టడంలో పేరుపడ్డ పుత్తూరు. పుత్తూరులో పుట్టినందుకు కట్లు కట్టడం తనకు పుట్టుకతోనే వచ్చిందని ఆయన నమ్మకం. పంటినొప్పికి కూడా కట్టు కట్టిన ఘనుడు. వెదురుబద్దలూ, ఆకుపసరూ, గుడ్డపీలికలూ ఇంట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటాడు.

"ఏమబ్బా శఠగోపం, ఇట్లయిపోతివే! నువ్వేం దిగులుపడొద్దు, నేనుండా" అంటూ వేలాడుతున్న ఎడమచెయ్యి పట్టుకుని, వకుళ వారిస్తున్నా వినకుండా పసరు పూసి, బద్దలు పెట్టి, బిగించి చుట్టేశాడు.

రాజశ్రీ మేడం కనుబొమలు ముడిపడ్డాయి. "ఏమండీ, జబ్బు కుడివైపు కదా?"

వకుళ ముఖంలో నెత్తురు చుక్క లేదు. గంగాధరం మాత్రం ఏమీ తొణకలేదు. "కుడిది ఎట్లాగూ పోయినాది గదమ్మా. ఎడమది బాగుండాది. దానిగ్గూడా రాకుండా ముందుగానే కట్టినా."

మేడం ఆ తర్కాన్ని మార్కుల కాగితం మీద రాసుకుంది. అంతలో శఠగోపం ముక్కు మీద ఈగ వాలింది. కుడిచెయ్యి పక్షవాతంలో ఉంది, ఎడమచెయ్యి పుత్తూరులో ఉంది. ఈగకు తొందరేమీ లేదు. ముక్కంతా తిరిగి చూసి, అక్కడే కాళ్ళు రుద్దుకుంది. ఆయన కళ్ళలో పడుతున్న యాతన వకుళ చూసింది. పోయినసారి అరుపులకు బెదిరి పారిపోయిన ఆ పిల్లకు ఎక్కణ్ణించి వచ్చిందో గొంతు, గోడలు అదిరేలా వచ్చింది.

"అందరూ బయటికి! రోగికి గాలాడాల! బ్రెడ్డు, పండ్లు వరండాలో పెట్టండి. చూడాలనుకున్నోళ్ళు చేతులు కడుక్కోని ఒక్కొక్కరే రావాల. గంగాధరం మామా, నువ్వు గూడా!"

వీధి కిక్కురుమనకుండా బయటికి నడిచింది. గంగాధరం పసరుగిన్నెతో సహా వెళ్ళాడు. వకుళ ఈగను తోలింది. మేడం ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాడు శఠగోపం.

గుమ్మంలో పెద్ద ఏడుపు వినిపించింది. "జరగండి! నేను భార్యను!"

అమృతవల్లి. సేవ మధ్యాహ్నానికే ముగిసిందట. భుజాన సేవకుల కండువా, చేతిలో ప్రసాదం సంచీ. వాకిట్లో జనం, వరండాలో బ్రెడ్డు గుట్ట, లోపల మంచం మీద మూతి వంకర మొగుడు. పాపం, ఆవిడ నిజంగానే కుప్పకూలింది. ఆయన మీద పడి "నేను లేని పూట చూసి ఇట్ల చేస్తారా!" అని గుండెలవిసేలా ఏడ్చింది. "వాకిట్లో జనాన్ని చూసి జబ్బు ముదిరిందనుకోనింది మేడం" అంది వకుళ గబగబా. తనకోసం ఆవిడ అంత ఏడుస్తుందని శఠగోపం ఏనాడూ అనుకోలేదు. మనసు కరిగిపోయింది. ఆ కరగడంలోనే బుద్ధి కూడా కరిగి, వంకర మూతి ఆమె చెవి దగ్గరికి చేర్చి గుసగుసలాడాడు.

"ఉత్త నాటకం. వకుళ పరీక్ష. మేడంకు తెలిస్తే పిల్ల తప్పుతాది. నువ్వు ఏడుస్తానే ఉండు."

అమృతవల్లి ఏడుపు ఆగింది. కండువాతో కళ్ళు తుడుచుకుంది. ముఖంలోకి ఒక విధమైన ప్రశాంతత వచ్చింది. ఆ ప్రశాంతత కనిపించినప్పుడల్లా ఇన్నేళ్ళ కాపురంలో శఠగోపానికి నష్టమే జరిగింది.

"మేడంగారూ, ఈయనతో మాట్లాడొచ్చునా?"

"తప్పకుండా మాట్లాడాలమ్మా. రోగిని అడక్కుండా ఇంట్లో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. రెప్ప ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు."

"అట్లనా" అని అమృతవల్లి మంచం పక్కన కుర్చీ వేసుకుని తీరిగ్గా కూర్చుంది. "ఏమండీ, హాల్లో తుప్పుపట్టిన ఆ స్కూటరుండాదే, పాతసామాన్లోడికి ఇచ్చేద్దామా?"

ఆ స్కూటరు ఆయన ప్రాణం. గట్టిగా రెండుసార్లు మూశాడు.

"మేడంగారూ" అంది అమృతవల్లి నెమ్మదిగా అటు తిరిగి, "మీకొక మాట చెప్పాలనుకుంటా ఉండా..."

శఠగోపం చటుక్కున ఒకసారి మూశాడు.

"కాంచీపురం నించి మా చెల్లెల్ని పిలుస్తా, ఒక నెల ఉండి పోతాది."

మూత.

"టీవీ రిమోటు ఇంక నా దగ్గిరే ఉంటాది."

మూత.

చివరికి ఆవిడ గొంతు కాస్త వణికింది. ఇది మాత్రం నటన కాదు. "పెండ్లయినప్పట్నించీ అడగతా ఉండా. శ్రీహరికోటలో రాకెట్టు పైకి పోయేది నా కండ్లతో చూడాల. టీవీలో చూస్తే చాలదా అంటారు ఎప్పుడూ. తోలుకోని పోతారా?"

శఠగోపం ఆమెను చూశాడు. ఈ ఒక్కదానికి బెదిరింపు లేకుండానే రెప్ప మూశాడు. సిగ్గేసి కాసేపు తెరవలేదు కూడా.

రాజశ్రీ మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇన్ని ఇళ్ళు చూశాను, ఇంత బాగా రోగి మాట వినే కుటుంబాన్ని చూడలేదు. వకుళా, నువ్వు పాసయ్యావమ్మా. మొదటి మార్కు నీదే."

వకుళ ఏడుస్తూ పెదనాయన కాళ్ళమీద పడింది. ఆయన గుండె నిండిపోయింది. మేడం వీధి మలుపు తిరగనీ, లేచి కట్టు విప్పుకుని కాఫీ తాగుతాననుకున్నాడు. మేడం మాత్రం కదల్లేదు.

"ఇంకో సంగతి. మాకు కొత్త బ్యాచీకి నేర్పేవాళ్ళు కావాలి. ఆ ఉద్యోగం వకుళకే ఇస్తాను. వారం వారం పిల్లల్ని ఈ ఇంటికే పంపిస్తాం, ఈయన దగ్గరే నేర్చుకుంటారు. ఈయన ఇలా ఉన్నన్నాళ్ళూ ఈ అమ్మాయి ఉద్యోగానికి ఢోకా లేదు. ఏమండీ, మీకు సమ్మతమేనా?"

మంచం పక్కన వకుళ తడికళ్ళతో ఆయన్నే చూస్తోంది. శఠగోపం ఆ పిల్లను చూశాడు, పైకప్పును చూశాడు, మళ్ళీ ఆ పిల్లను చూశాడు. రెప్ప ఒక్కసారి మూశాడు.

ఆయన జబ్బు దీర్ఘకాలికమైనదని అలా నిర్ధారణ అయింది.