పదకొండు తలల మొక్కు

సోమవారం పొద్దున తిక్కయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఉగ్గాని, బజ్జీ తినాలి. పదింటికి ఆదోని గ్రౌండులో తన క్రికెట్ టీము పిల్లలను వరసగా నిలబెట్టి తలనూనె కంపెనీ వాళ్ళ చేత ఫోటో తీయించాలి. వాళ్ళు చూపించిన చోట సంతకం పెట్టాలి. మధ్యాహ్నం మూడింటికి ఎమ్మిగనూరు టీముతో మ్యాచ్ చూడాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడా అతనికి కనిపించలేదు. అద్దం ముందు నిలబడి, యాభై దాటినా ఒక్క తెల్ల వెంట్రుక లేని తన క్రాపును మురిపెంగా దువ్వి, దువ్వెన జేబులో పెట్టుకున్నాడు.

తిక్కయ్యది తుగ్గలి దగ్గర పల్లె. ఓ తొలకరి వానకు చేలో అతని కాలికి తగిలిన రాయి వజ్రమని తేలింది. బోరు వేయిద్దామంది భార్య హులిగమ్మ. కానీ తిక్కయ్యకు కృతజ్ఞత అనే జబ్బుంది. దిగిన బస్సుకు దండం పెట్టే మనిషి, తనవాళ్ళను అవుటిచ్చిన అంపైరును కూడా "సల్లగుండప్పా" అనే మనిషి. నేల ఇచ్చింది కాబట్టి నేల మీద ఆడే పిల్లలకే పోవాలన్నాడు. సీమ లీగ్‌లో ఒక టీము అమ్మకానికొస్తే కొనేసి, ఆదోని డైమండ్స్ అని పేరు పెట్టాడు. నందవరం, సి.బెళగల్, తుగ్గలి వైపు పల్లెల నుంచి బాగా ఆడే కుర్రాళ్ళను ఏరి, జీతాలిచ్చి పెట్టుకున్నాడు.

వాళ్ళంతా ఏటా సుగ్గికి పోయే ఇళ్ళ పిల్లలు. ఇక్కడ పనులు అయిపోగానే మూటలు కట్టుకుని, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి లారీలెక్కుతారు. "ఈ ఏడు నా పిల్లోల్లు ఒక్కరు గూడా సుగ్గి లారీ ఎక్కరు" అని వాళ్ళ తల్లుల ముందు తిక్కయ్య మాటిచ్చాడు. ఆ మాట నిలబడాలంటే ఇప్పుడు నూనె కంపెనీ సంతకం కావాలి. వజ్రం డబ్బు ఎప్పుడో కరిగిపోయింది, స్పాన్సరు లేని టీమును తీసేస్తామని లీగ్ వాళ్ళు చెప్పేశారు. అదృష్టం కొద్దీ మొదట్లో ఆడిందల్లా ఓడిన టీము ఉన్నట్టుండి గెలవడం మొదలుపెట్టింది. పేపర్లలో పడింది. అది చూసే కంపెనీ వాళ్ళు వచ్చారు.

బజ్జీ కొరుకుతూ ఈ సంగతి చెప్పగానే హులిగమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"నూనె అంటే... తలకు రాసుకునే నూనేనా?"

"తలకు గాక మోకాళ్ళకా? పిల్లోల్ల జుట్లు సూసే గదా ఒప్పుకున్న్యారు. ఏమే, ఏమాయ?"

"అరవనంటే ఒక మాట సెప్తా." హులిగమ్మ పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మనోళ్ళు ఆడిందల్లా ఓడిపోతాండ్రి గదా. ఆ పొద్దు ఆకరి బాలుకు నా పానం ఆగల్యా. ఉరుకుంద ఈరన్న సామికి మొక్కుకున్న్యా. ఈ ఒక్కటి గెలిపిచ్చు సామీ, పదకొండు తలలూ నీకే అన్న్యా. గెలిపిచ్చినాడు. ఆ పొద్దు నుంచి ఓడిందే ల్యాదు."

తిక్కయ్య నోట్లో బజ్జీ నోట్లోనే ఉండిపోయింది. ఆ గెలుపు తను ఇచ్చిన ఫీల్డింగ్ సలహాల వల్లేనని ఇన్నాళ్ళూ ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు.

"ఎప్పుడు తీర్చల్ల?"

"నెల లోపల అన్న్యా. ఈ పొద్దుతో సరి."

ఇంకొకడైతే కంచం ఎత్తేసేవాడు. తిక్కయ్యకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. అంత మేలు చేసిన స్వామికి ఓ దండమైనా పెట్టకుండా ఉగ్గాని తింటున్నానే అని బాధపడ్డాడు. ఆ బాధలోనే ఓ దారి కూడా తోచింది. పదికి ఫోటో, సంతకం. వెంటనే బస్సులో ఉరుకుంద, గుండ్లు. మూడింటికి మ్యాచ్, తలల మీద టోపీలు. ఫోటోలో జుట్టుండాలని కంపెనీ అడిగింది గాని, ఫోటో తర్వాత కూడా ఉండాలని అడగలేదు కదా.

మేనేజరు దేవరాజుకు ఫోన్ చేశాడు. "దేవరాజూ, ఫోటో అయితానే పిల్లోల్లను బస్సెక్కిచ్చి ఉరుకుందకు తీసుకపో. అందరికీ గుండ్లు కొట్టిచ్చు. మొక్కుండాది."

"సరేన్నా" అన్నాడు దేవరాజు. ఏ పని చెప్పినా ఎందుకని అడగడు. మేనేజరుగా అతనిలో తిక్కయ్యకు నచ్చిన గుణం అదే.

ఎనిమిదింటికే ఓ పేపరు విలేకరి గ్రౌండుకొచ్చాడు. సాయంత్రం మ్యాచ్ వార్త కోసమని పిల్లలను వరసగా నిలబెట్టి ఓ ఫోటో తీసుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు. ఫోటో అయింది. దేవరాజు అందరినీ బస్సెక్కించాడు.

పదింటికి తిక్కయ్య వచ్చేసరికి గ్రౌండులో పిచ్ ఊడ్చే మనిషి తప్ప ఎవరూ లేరు. వెనకే కారు దిగాడు నూనె కంపెనీ హరికృష్ణ, ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని.

"తిక్కయ్యగారూ, మీ జుట్టే ఇంత బాగుంటే మీ పిల్లలది ఎలా ఉంటుందో! ఏరీ వాళ్ళు?"

తిక్కయ్య ఫోను తీసుకుని సైట్ స్క్రీన్ చాటుకు పోయాడు. "యాడుండారప్పా దేవరాజూ?"

"ఉరుకుందలోనేన్నా. సోమారమైనా లైను ల్యాదు, అంతా సామి దయ. గుండ్లు అయిపోయినాయి."

"అందరివీనా?"

"సామ్సన్‌ది తప్ప. ఆయప్పది చర్చి గదా, వద్దులే అంటి. వాళ్ళమ్మ జుట్టుకు కత్తెర గూడా తగలనీదంట."

తిక్కయ్య స్క్రీన్‌ను పట్టుకుని నిలబడ్డాడు. "ఆ పది జుట్లు ఎట్లన్నా వెనక్కి రావల్ల దేవరాజూ."

"కొట్టిచ్చినాక యాడొస్తాయన్నా?" అన్నాడు దేవరాజు. మళ్ళీ తనే, "ఎమ్మిగనూరులో మా మామ మద్దిలేటికి నాటకాల డ్రెస్సుల అంగడి ఉండాది. అడగమంటావా?" అన్నాడు.

పిల్లలు గుడికి పోయారని చెబితే, ఆటకు తోడు భక్తి కూడానా అని హరికృష్ణ మురిసిపోయాడు. అతనికి కడుపునిండా భోజనం పెట్టించేలోగా బస్సు ఎమ్మిగనూరు మీదుగా తిరిగొచ్చింది. అందులోంచి ఆదోని డైమండ్స్ దిగుతుంటే తిక్కయ్య కళ్ళు మూసుకున్నాడు. ఉంగరాల జుట్లు భుజాల మీదికి జారుతున్నాయి. కొందరు రాజుల్లా ఉన్నారు, కొందరు దేవుళ్ళలా ఉన్నారు. వికెట్ కీపరు మాత్రం తపస్సు మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు. సామ్సన్ ఒక్కడే తన సొంత జుట్టుతో, ఏదో తప్పు చేసినవాడిలా చివర నిలబడ్డాడు.

హరికృష్ణ కళ్ళింత చేసుకుని కెప్టెన్ సుంకప్ప దగ్గరికి వెళ్ళి, "ఇంత జుట్టు పెంచడానికి ఎన్నాళ్ళు పట్టింది బాబూ?" అని అడిగాడు.

సుంకప్పకు అబద్ధం చేతకాదు. "పొద్దున్నుంచి సార్."

"పొద్దున్నుంచి రాత్రి దాకా ఆయప్పకు జుట్టు మీదే ధ్యాస సార్" అని దేవరాజు అందుకున్నాడు.

ఫోటో అయింది. సంతకాలు అయ్యాయి. తిక్కయ్య ఈరన్న స్వామికి, ఫోటోగ్రాఫరుకు, ఎమ్మిగనూరు దిక్కు తిరిగి మద్దిలేటికి వరసగా దండాలు పెట్టాడు. అప్పుడన్నాడు హరికృష్ణ: "చిన్న కోరికండీ. మ్యాచ్‌లో టోపీలు, హెల్మెట్లు వద్దు. మా పెద్దాయన హైదరాబాద్ నుంచి ఫోన్లో చూస్తుంటారు. జుట్టు కనపడాలి."

తిక్కయ్య అలవాటు కొద్దీ "శానా థాంక్స్ సార్" అన్నాడు. అన్న తర్వాత గాని తను దేనికి ఒప్పుకున్నాడో అర్థం కాలేదు.

ఆదోని గాలి ఆ సాయంత్రం ఎవరి మీద కోపమో గాని బాగానే వీచింది. డైమండ్స్ ఒక చేయి తల మీద పెట్టుకుని పరుగెత్తారు, రెండో చేత్తో క్యాచులు పట్టారు. ఒంటిచేత్తో పట్టే ఆ ఒడుపుకు జనం ఈలలు వేశారు. బ్యాటింగ్‌లో మాత్రం తల పట్టుకునే వీల్లేదు. చెమటకు జిగురు కరుగుతోంది. వికెట్లు పడుతున్నాయి. చివరికి మిగిలింది సుంకప్ప, సామ్సన్. ఒక్క బంతి, నాలుగు పరుగులు.

సుంకప్ప ఒళ్ళంతా తిప్పి కొట్టాడు. బంతి బౌండరీ వైపు పోయింది, జుట్టు వికెట్ల వైపు పోయింది. బంతి తాడు దాటేలోపే జుట్టు స్టంపుల మీద పడి బెయిల్స్ రాలాయి. ఎమ్మిగనూరు వికెట్ కీపరు ఏదో జంతువు మీద పడిందని కేక పెట్టి ఎగిరాడు. తర్వాత అది ఏమిటో చూసి, అదే కేకను అప్పీలుగా మార్చుకున్నాడు. షాట్ కొట్టేటప్పుడు ఆటగాడి ఒంటి మీదిది ఏది పడి బెయిల్స్ రాలినా అవుటే. జుట్టు ఒంటి మీదిదే అవుతుందా అని అంపైరు కాసేపు ఆలోచించి, వేలెత్తాడు.

గంధం పూసిన సుంకప్ప గుండు పొద్దువాలే ఎండకు పచ్చగా మెరుస్తోంది. తర్వాత నవ్వు మొదలైంది. ఆ నవ్వుకు సుంకప్ప రెండు చేతులతో తల దాచుకుని అక్కడే కూలబడ్డాడు. అది చూసి డైమండ్స్ ఒక్కొక్కరే లోపలికి నడిచి వచ్చారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఎవరినీ చూసుకోలేదు. "మా కెప్టెన్ ఒక్కడే సిగ్గుపడేది ఏంటికి?" అంటూ వికెట్ కీపరు తన జుట్టు తీసి కింద పెట్టాడు. మిగతావాళ్ళూ పెట్టారు. సామ్సన్ మధ్యలో నిలబడి సుంకప్ప భుజం మీద చేయి వేశాడు. కంపెనీ ఫోటోగ్రాఫరు వచ్చిన పని కనుక ఆ ఫోటో కూడా తీశాడు.

హరికృష్ణ కాగితం చింపి కారెక్కాడు. చీకటి పడకముందే లీగ్ వాళ్ళు టీమును తీసేశారు.

పిల్లలుండే గదికి తిక్కయ్య వెళ్ళేసరికి అందరూ బట్టలు సర్దుకుంటున్నారు. సామ్సన్ తల్లి రాణి అప్పటికే నందవరం నుంచి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. తెల్లారితే లారీ.

"మాట తప్పినానమ్మా" అన్నాడు తిక్కయ్య తలెత్తకుండా.

"యాడ తప్పినావన్నా? ఊహ తెలిసినప్పట్నుంచి నా కొడుకు ఈ కాలంలో ఇంట్లో ఉన్నిందే ల్యాదు. ఈ ఏడు ప్రతి ఆదివారం వచ్చి నా చేతి కూడు తిన్న్యాడు. ఇన్ని నాళ్ళు నాకు ఎవురిచ్చినారు? నీకు దండం పెట్టల్లని వచ్చినా." ఆమె లేచి నిజంగానే చేతులు జోడించింది.

జీవితమంతా అందరికీ దండాలు పెట్టిన తిక్కయ్యకు, ఒకరు తనకు పెడితే ఏం చేయాలో తెలియలేదు. గోడకు తిరిగి ఏడ్చాడు.

అప్పుడు ఫోను మోగింది. హరికృష్ణ.

"తిక్కయ్యగారూ, కోపంలో ఏదో చేశాను. మా పెద్దాయన ఆ ఫోటో చూసి ఇంకా నవ్వుతూనే ఉన్నారు. చుట్టూ పది గుండ్లు, మధ్యలో ఒత్తు జుట్టుతో ఒక్క కుర్రాడు! కింద ఏం రాయమన్నారో తెలుసా? 'వీరిలో మా నూనె వాడినవాడు ఒక్కడే.' పదకొండు మందీ ఏడాది పొడుగునా మాకు కావాలి. ఊరూరా తిరిగి ఆడాలి, జీతాలు మావి. ఒకటే షరతు, ఆ పదిమంది జుట్టు పెంచకూడదు."

టీము మళ్ళీ లీగ్‌లోకి రాలేదు. కానీ తెల్లారి సుగ్గి లారీ ఆ పదకొండు మంది లేకుండానే వెళ్ళింది. దానికీ దండం పెట్టి తిక్కయ్య ఇంటికొచ్చేసరికి కంపెనీ పంపిన నూనె సీసాల పెట్టెలు వరండా నిండా ఉన్నాయి. హులిగమ్మ అతనికి ఉగ్గాని పెట్టి, మెల్లగా అంది.

"పదకొండు తలలని మొక్కితి. పదే ముట్టినాయి. ఒకటి తక్కువైందనే సామి సుంకప్ప జుట్టు ఎగరగొట్టినాడు. అయినా సల్లగా సూసి పిల్లోల్లకు దావ సూపిచ్చినాడు. ఇంగ ఆలిస్యం సెయ్యగూడదు."

"సామ్సన్‌ను అడగగూడదే. ఇంగెవురిది ఇయ్యల్ల?"

హులిగమ్మ అతని క్రాపు వైపు చూసింది. తిక్కయ్య జేబులోంచి దువ్వెన తీసి, చివరిసారిగా ఒకసారి దువ్వుకుని, దాన్ని ఆమె చేతిలో పెట్టి ఉరుకుంద బస్సుకు బయలుదేరాడు.

జుట్టుదేముంది, మళ్ళీ మొలుస్తుంది. నూనెకు మాత్రం ఇంట్లో కొదవ లేదు.